హనుమకొండ ఊహాకథల పత్రిక

ఓరుగల్లు సీమకు చిన్న పత్రిక క్రొత్త వస్తువు కాదు. నిజాం రాజ్యంలో బడిలోను కచ్చేరీలోను ఉర్దూకే పీట వేసిన కాలంలో, 1922వ సంవత్సరం ఆగస్టు నెలలో, ఇనుగుర్తి అనే పల్లెటూరినుండి ఒద్దిరాజు సీతారామచంద్రరావుగారు, రాఘవరంగారావుగారు అనే అన్నదమ్ములు, తామే వార్తలు సేకరించి, తామే వ్రాసి, తామే అక్షరములు కూర్చి, తామే అచ్చొత్తి, "తెనుగు పత్రిక" అనే వారపత్రికను వెలువరించినారు. 1966లో "సృజన" పుట్టినది కూడా ఈ గడ్డమీదనే. ధనబలం లేక, ప్రకటనల అండ లేక, పూనుకొన్నవారి పట్టుదల ఒక్కటే మూలధనంగా నడచిన పత్రికల చరిత్ర ఈ నేలకు ఉన్నది గనుక, సైన్స్ ఫిక్షన్, ఫాంటసీ, దయ్యాల కథ అనే మూడింటికి మాత్రమే అంకితమైన ఒక అంతర్జాల పత్రికను హనుమకొండలో ముగ్గురు కలిసి నడుపుచున్నారని మిత్రులొకరు చెప్పినప్పుడు నాకు ఆశ్చర్యంకంటె కుతూహలమే ఎక్కువ కలిగినది. కాజీపేటలో బండి దిగి, ఆటోలో నయీంనగర్ చేరినాను.

కోచింగు కాలేజీల బోర్డులు, హాస్టళ్ల కిటికీలకు ఆరవేసిన తువాళ్లు, జిరాక్సు దుకాణాలు క్రిక్కిరిసిన ఆ వీధిలో ఒక మేడమీది గది వారి కార్యాలయం. సంపాదకుడు జూనియర్ కళాశాలలో భౌతికశాస్త్రం చెప్పే యువకుడు. అతని అక్కగారు బ్యాంకు ఉద్యోగిని, కథలను మొదట చదివేదియు బొమ్మలు వేయించేదియు ఆమెయే. వెబ్‌సైటు పని చూచే మూడవవాడు ఇక్కడి ఎన్.ఐ.టి.లో చదువుకొంటున్న విద్యార్థి. పత్రిక పేరు ఇక్కడ వ్రాయవద్దని వారు కోరినారు. కథ బాగున్నదని ఒకరు ఒకరికి చెప్పగా పత్రిక పేరు తెలియవలెనే గాని, పత్రికను గురించిన వ్యాసం చదివి తెలియరాదని వారి పట్టుదల. ఆ కోరికను మన్నించుచున్నాను.

"కూసోండ్రి సార్, పొద్దుగాల బయలెల్లిండ్రట, ముందు సకినాలు తినుండ్రి" అని అక్కగారు పళ్లెం ముందు పెట్టి, తాను మాత్రం ఫోనులోని కథనుండి చూపు మరల్చలేదు. సంక్రాంతి దాటి అప్పటికి వారమైనా కాలేదు. పండుగ సెలవులలో తెలుగుదేశమంతటా కథలు వ్రాయబడునట్లున్నది, వారి పెట్టె నిండిపోయి ఉన్నది.

వచ్చిన ప్రతి కథను రచయిత పేరు తొలగించి ఇద్దరు చదువుతారు. ఇద్దరి అభిప్రాయాలు కలియనప్పుడు విద్యార్థి మూడవ మాట చెప్పుతాడు. నెల తిరుగకుండ జవాబు వెళ్లవలెను. ఆ జవాబులో, కథను తిప్పి పంపుచున్నప్పటికీ, కారణం ఉండవలెను. ఈ కడపటి నియమమే నాకు అన్నింటికంటె గొప్పదిగా తోచినది. మన పత్రికాలోకంలో తిరిగివచ్చిన కథ ఎందుకు తిరిగివచ్చినదో తెలియక, అసలు చేరినదో లేదో కూడా తెలియక, నిరీక్షణతోనే కలం పక్కనపెట్టిన యువకులు ఎందరో గదా. వ్రాసినవానికి ఒక మనిషి చదివినాడనే నమ్మకం కలిగించుటకంటె పత్రిక చేయదగిన మేలు వేరొకటి ఉన్నదని నేను అనుకోను.

నా యెదుటనే ఒక కథ గురించి సంభాషణ జరిగినది. 1213లో రేచర్ల రుద్రుడు కట్టించిన పాలంపేట రామప్ప గుడి శిఖరానికి వాడిన ఇటుకలు నీటిమీద తేలునంత తేలికైనవన్న సంగతి మన పిల్లలకుకూడ తెలిసినదే. ఆ ఇటుకలలో ఏ ద్రవ్యం కలిపినారో ఎరిగిన ఒక కుటుంబం, తరతరాలుగా ఆ రహస్యాన్ని దాచుకొని, చివరకు ఒకనాటి రాత్రి గోపురం భూమిని వదలి లేవగా చూచినదని ములుగు ప్రాంతపు కుర్రవాడొకడు కథ వ్రాసినాడు. ఊహ చక్కనిది, వర్ణన పుష్కలంగా ఉన్నది, అయినను ఇద్దరు పాఠకులూ దానిని ఒప్పుకొనలేదు. సంపాదకుడు అతనికి ఫోను చేసినాడు.

"తమ్ముడూ, ఇటుక తేలుతదని అందరికి ఎరుకే. ఆ ఇటుక కాల్చినోళ్ల ఇంట్ల ఆ పొద్దు ఏం వండుకున్నరో చెప్పు. గోపురం లేస్తే వాళ్ల పొయ్యి ఏమైంది? గది రాయి నువ్వు."

అవతలనుండి కొంతసేపు మాట లేదు. తరువాత, "రాస్త అన్నా, వారం దినాలు ఇయ్యి" అన్నాడు. గోపురం లేచుటను నమ్మించవలెనంటే, దాని క్రింద నిలిచినవాని పొయ్యిని ముందు నమ్మించవలెను. ఈ సూత్రాన్ని ఏ విశ్వవిద్యాలయమూ నేర్పకుండ, కథలను చదివి చదివి అతడు సంపాదించుకొన్నాడు. నాకు ఆ కుర్రవాని అదృష్టంమీద అసూయ కలిగినదని చెప్పుటకు సంకోచించను.

ఈ జాతి సాహిత్యం మనకు పడమటనుండి దిగుమతి అయినదని భావించేవారికి ఒక మాట చెప్పవలసియున్నది. పదునారవ శతాబ్దంలో పింగళి సూరన "కళాపూర్ణోదయం"లో బ్రహ్మ సరస్వతికి వినోదార్థం చెప్పిన కథ, చెప్పబడిన కారణముచేతనే, భూలోకంలో జరిగి తీరినది. కథ ముందు, జీవితం వెనుక. ఇంతటి కల్పనాసాహసం ఆ కాలపు లోకసాహిత్యంలో ఎక్కడనున్నదో చూపుడని అడుగుటకు నాకు ధైర్యమున్నది. ఇక 1905లో రొకేయా బేగం "సుల్తానాస్ డ్రీమ్" అనే కథ వ్రాసి, పురుషులు అంతఃపురాలలోను స్త్రీలు రాజ్యభారంలోను ఉన్న దేశాన్ని, ఎండవేడిమిని బంధించి మేఘాలనుండి నీటిని పట్టుకొనే విజ్ఞానాన్ని ఊహించినప్పుడు, దానిని ప్రచురించినది మదరాసులోని "ఇండియన్ లేడీస్ మ్యాగజైన్"; 1901లో ఆ పత్రికను స్థాపించిన కమలా సత్యనాథన్ తెలుగింటి ఆడపడుచు. అమెరికాలో హ్యూగో గెర్న్స్‌బాక్ కేవలం ఇటువంటి కథలకొరకే "అమేజింగ్ స్టోరీస్" అనే పత్రికను ప్రారంభించినది 1926లో. ఇరువది యేండ్లకు పైగా ముందే ఒక తెలుగు సంపాదకురాలు అటువంటి కథను గుర్తించి అచ్చువేసినదన్న సంగతి ఆ మేడగదిలో గోడమీద వ్రాసిపెట్టదగినదని వారితో అన్నాను. అక్కగారు ఆ సంగతిని వెంటనే నోటుబుక్కులో వ్రాసుకొన్నారు. ఆమె తరానికి ఊహాలోకపు తలుపు తెరచినది "చందమామ". 1954లో మొదలైన దాసరి సుబ్రహ్మణ్యంగారి "తోకచుక్క"ను పాత సంపుటాలలో చదివి, చిత్రాగారి బొమ్మల గీతలను వ్రేలితో అనుసరించి పెరిగినానని ఆమె చెప్పినారు.

ఆదాయవ్యయాల ప్రసంగం త్వరగానే ముగిసినది. ప్రకటనలు లేవు. పాఠకులు కొందరు తోచినంత ఫోన్‌పే చేస్తారు, తక్కినది జీతాలనుండి. రచయితకు స్వల్పమైనను పారితోషికం ఇవ్వనిదే కథ వేయరాదని నియమం పెట్టుకొన్నారు. ఈ విషయంలో వారికి ఆదర్శం 2000లో అమెరికాలో మొదలైన "స్ట్రేంజ్ హొరైజన్స్"; పనిచేసేవారందరూ స్వచ్ఛందసేవకులే అయినను, పాఠకుల విరాళాలతో రచయితలకు మాత్రం డబ్బు ఇచ్చే పత్రిక అది.

శ్రమ అంతా వేరొక చోట ఉన్నది. పెద్దతరం రచయితలు నేటికీ పేజ్‌మేకరులో అను లిపులతో టైపు చేయించి పంపుతారు. దానిని యూనికోడులోనికి మార్చగానే వత్తులు చెల్లాచెదరై, అక్షరం అక్షరమూ సరిచూడవలసివచ్చును. మరికొందరు చేతివ్రాతను ఫొటో తీసి వాట్సాప్‌లో పంపుతారు. విద్యార్థి తన తెరమీద నాకు ఒక సూక్ష్మం చూపినాడు. "సాఫ్ట్‌వేర్" వంటి మాటలో టకారపు పొల్లు తరువాత కంటికి కనబడని ఒక సంకేతం ఉంచవలెను. లేనిచో వకారం వెళ్లి దాని క్రింద వత్తుగా చేరిపోవును. ఆ అదృశ్యచిహ్నం కొరకు అతడు కథ మొత్తం వరుస వరుసగా జల్లెడ పట్టుచున్నాడు. "ఎవలు చూస్తరని వదిలిపెడ్తే సార్, చదివేటోడు కథలకెల్లి బయటపడ్తడు" అన్నాడు. ఇనుగుర్తిలో సీసపు అక్షరములు కూర్చిన ఆ సోదరులు ఈ మాట విన్నచో సంతోషించియుందురు.

యంత్రములు వ్రాసిన కథల ఉపద్రవం ఇచ్చటికిని వచ్చినది. 2023 ఫిబ్రవరిలో అమెరికాలోని "క్లార్క్స్‌వరల్డ్" పత్రిక అటువంటి కథల వెల్లువను తట్టుకొనలేక కొంతకాలం కథలను స్వీకరించుటయే నిలిపివేసినది. వీరికి వచ్చేవి ఆ మోతాదులో లేకున్నను, గుర్తించుట కష్టమే. ఎట్లు తెలిసికొందురని అక్కగారిని అడిగినాను.

"వాక్యంల తప్పు దొరకది సార్. కని ఊరు దొరకది. మేనత్త ఉంటది, ఆమె ఏ ఊరి మనిషో తెల్వది. వాన పడ్తది, ఏ చెర్ల పడ్డదో తెల్వది."

ఒక కథను ఆమె నాచేత చదివించినారు. భద్రకాళి చెరువు పేరు అందులో ఉన్నది. కాని ఆ పేరు తీసివేసి మరే చెరువు పేరు పెట్టినను కథలో ఒక్క మాట మార్చనక్కరలేదు. ఆమె పరీక్ష ఎంత నిశితమైనదో అప్పుడు తెలిసినది. అయినను ఆ రచయితకుకూడ జవాబు వెళ్లినది. నీకు తెలిసిన చెరువును గురించి నీ చేతితో వ్రాసి పంపుమని.

నాకు వారితో ఒకే ఒక విషయంలో అభిప్రాయభేదం కలిగినది. ఏటేటా కట్టవలసిన రుసుము ఒక్కసారి తప్పినచో అంతర్జాల పత్రిక సమస్తం తెరమీదనుండి తొలగిపోవును. 1998లో విదేశాంధ్రులు మొదలుపెట్టిన "ఈమాట" పాత సంచికలను నేటికిని పదిలంగా కాపాడుకొనుచున్నది. ఆ జాగ్రత్త అందరికిని సాధ్యం కాదు. సంవత్సరానికొక సంపుటాన్ని కాగితంమీద అచ్చువేసి, 1904నాటి హనుమకొండ రాజరాజనరేంద్రాంధ్ర భాషానిలయానికి ఇవ్వవలెనని నేను వాదించినాను. ఆ పైకంతో నలుగురు రచయితలకు పారితోషికం ఇవ్వవచ్చునని సంపాదకుడు ప్రతివాదం చేసినాడు. ఇద్దరి మాటలోను న్యాయమున్నదని అక్కగారు తేల్చి, అందమైన పుస్తకం అక్కరలేదనియు, జిరాక్సు ప్రతులు కుట్టించి అట్ట వేయించినను గ్రంథాలయంలో నిలుచుననియు చెప్పినారు. క్రింది దుకాణంలో ధర కనుక్కొనుటకు విద్యార్థి వెంటనే మెట్లు దిగినాడు.

సెలవు తీసికొనబోవు సమయంలో సంపాదకుడు, "సూరన ముచ్చట చెప్పిండ్రు గదా సార్, అది మాకు రాసియ్యుండ్రి. పాతకథల మీద మాకు వ్యాసాలు తక్కువున్నయి" అన్నాడు. ఒప్పుకొన్నాను. నా వ్యాసాన్నికూడ పేరు తీసివేసియే ఇద్దరు చదువుతారట. నచ్చనిచో కారణం వ్రాసి పంపుతారట. గడువు శివరాత్రి.