పొగరు కాదు, నొప్పి

“డాక్టరుగారూ, దీనికి పొగరెక్కింది. పెద్దదాన్ని దగ్గరికి రానివ్వడం లేదు.” 5 నెలల లాబ్రడార్ పిల్లను బల్ల మీద పెడుతూ ఆ ఇల్లాలు అన్న మాట ఇది. ఇంట్లో అప్పటికే ఓ ముసలి పమేరియన్ ఉంది. మొన్నటిదాకా రెండూ ఒకే గోనెపట్టా మీద పడుకునేవట. ఇప్పుడు ముసలిది పక్కకొస్తే చాలు, పిల్ల పళ్లు చూపిస్తోంది.

పిల్ల తల కాస్త ఎడమవైపుకి ఒరిగి ఉంది. ఆ చెవి ఎత్తగానే పులిసిన వాసన, లోపల కాఫీపొడి రంగు గుబిలి. చెవి మొదట్లో వేలు ఆనించానో లేదో కుయ్యోమంది. కుక్కల పలకరింపులన్నీ మూతితోనే కదా! ముసలిది ప్రేమగా చెవి నాకబోతే దీనికి ప్రాణం పోయినంత పనయ్యేది. గుర్రుమంటే అది వెనక్కి తగ్గుతోందని, నొప్పి తప్పుతోందని పిల్లకు తెలిసిపోయింది. చుక్కల మందుతో చెవి తొందరగానే నయమైంది. గుర్రుమనే అలవాటు పోవడానికి మాత్రం ఇంకొన్ని వారాలు పట్టింది.

పార్వో నుంచి బయటపడ్డ పిల్లలది ఇంకా పెద్ద కష్టం. 1978లో ప్రపంచమంతా పాకిన ఈ వైరస్ పేగుల లోపలి పొరనీ, ఎముక మూలుగనీ దెబ్బతీస్తుంది. వాంతులు, నెత్తుటి విరేచనాలు, సెలైన్ల తర్వాత పిల్ల లేచి నిలబడి గిన్నెలో మూతి పెడితే ఇంటిల్లిపాదీ కళ్లు తుడుచుకుంటారు. అయితే ఆ పిల్ల పోగొట్టుకున్నది బరువొక్కటే కాదు. తోటి కుక్కలతో ఎలా మెలగాలో బాగా ఒంటబట్టే వయసు సుమారు 3వ వారం నుంచి 14వ వారం దాకా. ఎంత గట్టిగా కొరికితే అవతలిదానికి నొప్పి పుడుతుందో, ఎప్పుడు ఆట ఆపాలో అప్పుడే నేర్చుకుంటుంది. తల్లి నుంచి వచ్చిన రక్షణ తగ్గిపోతూ, టీకాలు ఇంకా పూర్తికాక పార్వో కాటేసేదీ ఎక్కువగా ఆ రోజుల్లోనే. కోలుకున్నాక కూడా కొన్నాళ్లు మలంలో వైరస్ పోతుంది కనుక వేరుగా ఉంచక తప్పదు.

అలా పెరిగినవాటిలో కొన్ని, ఇంకో కుక్క కనిపిస్తే మనిషి కాళ్ల మధ్య దూరతాయి. కొన్ని ఆటనుకుని మీదపడతాయి, చాలించమని అవతలిది చెప్పినా వాటికి అర్థం కాదు. ఈ రెండో రకాన్ని జనం పోట్లాటకోరు అంటారు. నాకు వాటి మీదే ఎక్కువ జాలి. టీకాలన్నీ పూర్తయిన, నెమ్మదస్తురాలైన పెద్ద కుక్కతో రోజూ కాసేపు ఆడనిస్తే చాలామటుకు దారిలో పడతాయి. ఒకేసారి పదికుక్కల మధ్య వదలడం మాత్రం వద్దు.

పిడుదుల జ్వరం, ఊడుతున్న పాలపళ్లు, కాలి ఎముకల నొప్పి, ఏదైనా పిల్లను చిరాకుపరిచేదే. కాబట్టి గుర్రుమన్నందుకు కొట్టకండి. గుర్రు అది ఇచ్చే హెచ్చరిక. కొట్టి దాన్ని మాన్పిస్తే రేపు చెప్పకుండానే కరుస్తుంది. నిన్నటిదాకా ఆడుకున్న పిల్ల ఇవాళ తోటివాటిని దూరం పెడుతుంటే, ట్రైనర్‌కి ఫోన్ చేసేముందు పశువైద్యుడికి చూపించండి. చెవులు, పళ్లు, కాళ్లు ఒకసారి పరీక్షించమని మీరే అడగండి.