మా ఇంట్లో మడి బీరువా

మా ఇంట్లో దేవుడి గది లేదు. కానీ చాలాకాలం ఒక మడి బీరువా ఉండేది. చేతులు కడుక్కుని, తడి లేకుండా తుడుచుకుంటే గానీ ఎవరూ దాన్ని ముట్టుకోకూడదు. పిల్లలు అటువైపు వెళ్తే నాకు గుండె దడ. లోపల కర్పూరం, వేపాకు, రాత్రింబవళ్లు వెలిగే చిన్న బల్బు. "అఖండ దీపం ఒక్కటే తక్కువనుకున్నా, అదీ పెట్టేశారు" అని మా ఆవిడ వెక్కిరించేది.

బల్బు భక్తితో పెట్టింది కాదు లెండి. పోర్ట్ బ్లెయిర్‌లో (2024లో శ్రీ విజయపురం అని పేరు మార్చారు) ఏడాదికి దాదాపు 3000 మిల్లీమీటర్ల వాన పడుతుంది. మే నుంచి డిసెంబరు దాకా రెండు రుతుపవనాలూ వంతులేసుకుని తడుపుతాయి. కాగితానికి బూజు, అట్టకి చెదలు, జిగురుకి పురుగులు. బల్బు వేడికి బీరువాలో తేమ కాస్త తగ్గుతుంది. అంతవరకూ సైన్సే.

ఆ పైన జరిగినదే సైన్సు కాదు.

నాకు 19వ శతాబ్దపు హాస్య పుస్తకాలంటే పిచ్చి, అందులోనూ బొమ్మలున్నవి. టెన్నియల్ బొమ్మల 'ఆలిస్', ఫ్రెడరిక్స్ బొమ్మల 'త్రీ మెన్ ఇన్ ఎ బోట్' నా దగ్గర ఉన్నాయి, కానీ తర్వాతి ముద్రణలు. మొదటి ముద్రణ అని చెప్పుకోవడానికి ఒక్కటే ఉండేది: డికెన్స్ 'పిక్విక్ పేపర్స్', 1837. ఓడలో కలకత్తా వెళ్లినప్పుడు ఒక పాత పుస్తకాల వ్యాపారి దగ్గర రెండు నెలల జీతం పెట్టి కొన్నాను. ఇంట్లో మాత్రం సగం ధరే చెప్పాను.

ఆ పుస్తకం 1836 ఏప్రిల్ నుంచి నెలకొక భాగంగా, ఒక్కో షిల్లింగుకి వచ్చింది. ముందు బొమ్మలేసిన రాబర్ట్ సీమర్ రెండో భాగం పూర్తి కాకుండానే ఆత్మహత్య చేసుకున్నాడు. తర్వాత బస్ అనే ఆయన కొద్దికాలం వేశాడు. చివరికి 'ఫిజ్' అనే పేరుతో హాబ్లట్ బ్రౌన్ వచ్చి నిలబడ్డాడు. వెయ్యి ప్రతులతో మొదలైన నెలవారీ భాగాల ముద్రణ ముగిసేనాటికి 40,000కి చేరింది. ఈ కథంతా వచ్చిన ప్రతి అతిథికీ చెప్పేవాణ్ణి. స్థలపురాణంలాగా.

ఒకరోజు మా మిత్రబృందం సమావేశం మా ఇంట్లోనే జరిగింది. గాల్లోంచి విభూతి తీయడం ఎలాగో చేసి చూపించాం. తర్వాత నేను ఉత్సాహంగా బీరువా తెరిచాను. శ్రీకాకుళం నుంచి ఇక్కడికి వచ్చి స్థిరపడిన కుటుంబంలోని కుర్రాడొకడు అడిగాడు: "మాస్టారూ, ఇది మొదటి ముద్రణే అని ఎలా తెలుసు?"

"ముఖపత్రం మీద 1837 అని ఉంది కదయ్యా."

"తాటాకు మీద అయిదువేల ఏళ్ల నాటిదని రాసుంటే మనం ఒప్పుకుంటామా మాస్టారూ?"

అందరూ నవ్వారు. నేనూ నవ్వాను, కానీ మనసులో కోపం వచ్చింది. నిజం చెప్పాలంటే ఏం చూడాలో నాకు ముందే తెలుసు. చివరి భాగంతో వచ్చిన బొమ్మల ముఖపత్రంలో సత్రం బోర్డు ఉంటుంది. తొలి ప్రతుల్లో దానిమీద 'టోనీ వెల్లర్' పేరు 'వి' అక్షరంతో, అంటే ఆ పాత్ర పలికే తీరులోనే, ఉంటుంది. తర్వాత దాన్ని 'డబ్ల్యూ'గా సరిచేశారు. అన్ని వేల ప్రతులకి పలకలు అరిగిపోతే ఫిజ్ బొమ్మలు మళ్లీ చెక్కాల్సి వచ్చింది. అందుకే తేదీ 1837 అయినా లోపలి బొమ్మలు వేరుగా ఉండవచ్చు. కొన్న నాటి నుంచీ భూతద్దం పక్కనే ఉంది. నేను ఆ పేజీ మీద పెట్టలేదు. ఎందుకు పెట్టలేదో మీకు చెప్పక్కర్లేదు.

మూడు వారాల తర్వాత పెట్టాను. 'డబ్ల్యూ'.

వ్యాపారి నన్ను మోసం చేయలేదు. ఆయన 1837 అన్నాడు, అది నిజమే. మిగతాదంతా నేనే నమ్మాను.

ముద్రించిన తేదీని నమ్మి పెద్దపెద్దవాళ్లే బోల్తాపడ్డారు. ఇంగ్లండులో థామస్ వైజ్ అనే ప్రసిద్ధ సేకర్త దొంగ 'తొలి ముద్రణలు' తయారుచేశాడు. 1934లో కార్టర్, పొలార్డ్ అనే ఇద్దరు ఆ సంగతి బయటపెట్టారు. 1847 అని అచ్చయిన బ్రౌనింగ్ సానెట్ల ప్రతి కాగితంలో 1870లకి ముందు లేని రసాయనిక కలపగుజ్జు దొరికింది. పేరుప్రతిష్ఠల్ని పక్కనపెట్టి సూక్ష్మదర్శినిని అడిగారు. అంతే.

అయితే తొలి ముద్రణలకి విలువే లేదా? ఉంది. 'కన్యాశుల్కం' 1892లో ప్రదర్శించారు, 1897లో అచ్చయింది. మనం చదువుకునేది గురజాడ బాగా తిరగరాసిన 1909 నాటి ప్రతి. 1969లో బంగోరె ఆ పాత పాఠాన్ని మళ్లీ అచ్చువేయడం వల్లే గురజాడ ఏం మార్చాడో అందరూ పోల్చి చూసుకోగలిగారు. అక్కడ తొలి ముద్రణ ఒక సాక్ష్యం. నా బీరువాలో అది తాయెత్తు. తేడా పుస్తకంలో లేదు, దాన్ని పట్టుకున్నవాడిలో ఉంది.

మా ఆవిడకి అసలు ధర చెప్పేశాను. ఆవిడ అన్నమాటలు ఇక్కడ రాయను. పుస్తకంలో ఒక చీటీ పెట్టాను: "తేదీ 1837. బొమ్మలు తర్వాతి దశవి. చూసి రూఢి చేసుకున్నది." ఆ కుర్రాణ్ణి పిలిచి భూతద్దం చేతికిచ్చాను. నేను చెప్పింది కూడా నమ్మకుండా తనే చూసుకున్నాడు.

బల్బు ఇంకా వెలుగుతోంది. బీరువాకి తాళం తీసేశాను. మొన్న పిల్లలు ఫిజ్ బొమ్మలు చూసి పడీపడీ నవ్వారు. ఇన్నాళ్లలో ఆ పుస్తకం చూసి మా ఇంట్లో ఎవరైనా నవ్వడం అదే మొదటిసారి.