ఆమె అడిగిన ప్రశ్న

2004లో తార్నాకలో చిన్న గది అద్దెకు తీసుకుని ఉండేదాన్ని. అక్కడి నుంచి ఉస్మానియా క్యాంపస్‌కి నడిచే వెళ్లేదాన్ని. పరిశోధన కోసం చుట్టుపక్కల కూలిపని చేసే ఆడవాళ్ల మాటలు కేసెట్లలో రికార్డు చేసుకుంటున్న రోజులవి. మాణికేశ్వర్ నగర్‌లో ఉండే ఒక అవ్వ "నా మాటలు నాగ్గూడ ఇనిపియ్యి బిడ్డా" అంది. వాళ్లింట్లో కేసెట్లు పాడే టేప్ లేదు గానీ విసిడి ప్లేయరుంది. సీడీ చేసి ఇస్తానన్నాను.

నా సెకండ్‌హ్యాండ్ కంప్యూటర్లో విండోస్ కొనలేక లినక్స్ వేసుకున్నాను. కేసెట్‌ని అందులోకి ఎక్కించి, అక్కర్లేదనుకున్న చోట్ల కత్తిరించాను. సీడీ రాయటం దగ్గర ఆగిపోయాను. తోటి విద్యార్థి ఒకతను వచ్చి "జరుగు" అంటూ కీబోర్డు లాక్కుని, సీడీరికార్డ్ ప్రోగ్రాముకి ఏదో కమాండు టకటకా కొట్టి "అయిపోయింది" అన్నాడు. ఏం కొట్టావని అడిగితే "అదంతా నీకెందుకు?" అన్నాడు.

అవ్వ ఇంట్లో ఆ సీడీ పలకలేదు. ఇంటిల్లిపాదీ చుట్టూ కూర్చున్నారు. నాకు తల కొట్టేసినట్టయింది.

గదికొచ్చి పైబాణం మీట నొక్కితే అతను కొట్టిన వరుస తెరమీదికొచ్చింది. దాన్ని, నా ప్రశ్నలు మూడింటినీ బెంగుళూరులో ఉన్న స్నేహితురాలి అక్కకి ఈమెయిల్ చేశాను. ఆవిడ ఇంజనీరు. నా ఒక్కొక్క ప్రశ్ననీ అలాగే ఉంచి, దాని కిందే జవాబు రాసింది.

ఎందుకు పలకలేదు? 'నోఫిక్స్' అని కొట్టారు కనక. తర్వాత ఇంకా చేర్చుకోవటానికి డిస్కును ముగించకుండా వదిలారు. ఏ పాట ఎక్కడ మొదలవుతుందో చెప్పే పట్టిక రాయకపోతే మామూలు ప్లేయర్లు చాలావరకు చదవలేవు.

డిస్కు పాడైనట్టేనా? లేదు. 'ఫిక్స్' అని ఇవ్వండి, ముగింపు ఒక్కటే రాస్తుంది.

ఈసారి వృథా కాకుండా ఎలా? ముందు 'డమ్మీ' అని ఇవ్వండి. లేజర్ రాయకుండా అన్ని అడుగులూ వేసి చూపిస్తుంది.

నేనే కొట్టాను. డిస్కు బయటికొచ్చి, పాత టేప్‌రికార్డరు పక్కనున్న ప్లేయర్లో అవ్వ గొంతు వినిపించినప్పుడు కళ్లనీళ్లొచ్చాయి. వాల్ హెన్సన్ 2002లో రాసిన, లినక్స్‌లోకి ఆడవాళ్లను ఎలా ప్రోత్సహించాలో చెప్పే పత్రంలో కీబోర్డు లాక్కోవద్దని ఉందని తర్వాత చదివాను. నా ఒక్కదాని కథే కాదన్నమాట!

ఆ సంతోషంలో ఆవిడకి, ఆవిడ ఉత్తరమంతా కింద అలాగే వదిలేసి, పైన థాంక్స్ రాసి పంపాను. దానికీ ఓపిగ్గా జవాబిచ్చింది. జవాబు ప్రశ్న కింద రాయాలనీ, అక్కర్లేనిది తీసెయ్యాలనీ చెప్పి, "కానీ అడిగినవాళ్ల మాట మారిపోయేలా కత్తిరించకండి" అంది.

మర్నాడు అవ్వకి సీడీ వినిపించాను. మొదట మురిసిపోయింది. చివరిదాకా విని, "నేనడిగింది ఏది?" అంది.

నాకు గుర్తొచ్చింది. మధ్యలో ఒకచోట "ఇదంత రాస్కోని నాకేమిస్తవ్ బిడ్డా?" అని అడిగింది. నేను నవ్వి తర్వాతి ప్రశ్నలోకి వెళ్లిపోయాను. సీడీకి ఎక్కించేటప్పుడు, విషయానికి సంబంధం లేదని ఆ ముక్క తీసేశాను. చోటు చాలక కాదు. కేసెట్ గంట, సీడీలో ఎనభై నిమిషాలు పడతాయి. నా చేతిలోని కీబోర్డు లాక్కున్నందుకు అంత మండిపడ్డ నేను, ఆవిడ నోట్లోని ప్రశ్నని ఎంత తేలిగ్గా తీసేశాను!

కేసెట్ మొత్తం మళ్లీ ఎక్కించి, కత్తిరించకుండా ఇంకో సీడీ రాశాను. ముందు డమ్మీ, తర్వాత అసలు, చివర ముగింపు. అవ్వకి అదిచ్చాను. పరిశోధన గ్రంథంలో కూడా ఆ ప్రశ్నని ఆవిడ మాటల్లోనే పెట్టి, దాని కింద నా జవాబు రాశాను: "అప్పుడు నవ్వి ఊరుకున్నాను. ఏమివ్వగలనో నాకు తెలియదు."