చాలు అనడం తెలిసిన యంత్రం

థర్మోస్టాటుకు తెలుగేమిటని ఒక మిత్రుడు అడిగారు. ఉష్ణనియంత్రకమని చెప్పి ఊరుకోవచ్చును. కాని ఆ యంత్రం వేడిని పుట్టించదు, ఆర్పదు. ఎప్పుడు మొదలుపెట్టాలో, ఎప్పుడు చాలించాలో బాయిలరుకు చెబుతుంది, అంతే. చలిదేశాలలో గోడకుండే చిన్న పెట్టె గది వేడిమిని కనిపెట్టి ఉంటుంది. మనం 20 డిగ్రీలని నిర్ణయిస్తే, అంతకు తగ్గగానే తీగ లేకుండానే కబురంపుతుంది. బాయిలరు పక్కన బిగించిన మరో పెట్టె ఆ కబురందుకొని రెండు తీగలను కలుపుతుంది. గది వెచ్చబడగానే విడదీస్తుంది.

మా కురవిలో బాయిలరుతో ఎవరికీ పని లేదు. వీరభద్రస్వామి కొలువున్న ఊరు, పదవ శతాబ్దపు తెలుగు గద్య శాసనంతో సాహిత్య చరిత్రకెక్కిన ఊరు. వరి, మిరప, పత్తి పండే నేల. ఇక్కడ ఆ సూత్రం అవసరమైనది బాయికాడి మోటారుకు.

స్టార్టరు డబ్బా చూసినవారికి తెలుసు. పచ్చ బొత్తాము నొక్కితే లోపలి కాయిలుకు కరెంటంది, అది అయస్కాంతమై కాంటాక్టులను పట్టి ఉంచుతుంది. ఎర్ర బొత్తాము నొక్కితే వదిలేస్తుంది. కరెంటు పోయినా వదిలేస్తుంది. తిరిగి వచ్చినా తనంతట తాను పట్టుకోదు. మనిషి వచ్చి నొక్కవలసిందే. ఇది లోపం కాదు, రక్షణ కోసం అలా చేశారు. అయితే కరెంటు అర్ధరాత్రి వస్తే?

2004లో వ్యవసాయానికి ఉచిత విద్యుత్తు వచ్చింది కాని, సరఫరా గంటల లెక్కనే, విడతలుగానే సాగింది. రాత్రివేళ చేతిలో బ్యాటరీలైటుతో గట్ల వెంట నడిచిన రైతులు ఎందరో పాముకాటుకు, తడి చేతులతో డబ్బా ముట్టుకొని విద్యుద్ఘాతానికి బలయ్యారు. ఆ భయం నుండి పుట్టినదే 'ఆటో'. కరెంటు రాగానే కొద్ది క్షణాలాగి పచ్చ బొత్తాము పని తానే చేసేది. రైతు నిద్రపోగలిగాడు. దానిని తప్పుపట్టే హక్కు ఆ గట్ల మీద నడవని మనకెవరికీ లేదు.

అయినా ఆటోకు మొదలుపెట్టడమే తెలుసు. మడి నిండిందా, బావి అడుగంటిందా అన్నది దానికి పట్టదు. అందరి ఆటోలూ ఒక్కసారే మేలుకొని ట్రాన్స్‌ఫార్మరు మీద పడేవి. నిద్రలో ఉన్నవాని పొలం పొర్లిపోతుంటే పక్కవాని బోరు ఎండేది. 2018 జనవరి 1న తెలంగాణలో సేద్యానికి 24 గంటల సరఫరా మొదలైనప్పుడు, ఆటోలు తీసివేయమని ప్రభుత్వమే రైతులను కోరింది. ఎల్లవేళలా కరెంటుంటే ఆటో చేతిలో భూగర్భజలం ఏమవుతుందో ఊహించడం కష్టం కాదు.

మా తమ్ముని కొడుకు ఆటో తీయించి సెల్లుతో నడిచే స్టార్టరు పెట్టించాడు. ఇది కొత్త వింతేమీ కాదు. పుణెలో సంతోష్ ఓస్త్వాల్ 'నానో గణేశ్' పేరుతో ఇటువంటిది ఏనాడో చేశారు. బిగించినవాడు నా దగ్గర చదువుకున్నవాడే. ముందుగా ట్రాన్స్‌ఫార్మరు దగ్గర ఏబీ స్విచ్ దించి, తీగలలో కరెంటు లేదని టెస్టరుతో చూసుకున్నాడు. కొత్త పెట్టె నుండి రెండు తీగలు పచ్చ బొత్తాముకు ఇరువైపులా కలిపాడు. ఎర్ర బొత్తాము దారిలో ఒకచోట తీగ తెంపి, ఆ రెండు కొసలనూ పెట్టెకు చేర్చాడు. కలిపితే మొదలు, తెంపితే ముగింపు. "గిది నా వేలు లెక్క సార్. నేను ఇంట్ల ఉంటా, వేలు బాయికాడ ఉంటది" అన్నాడు. నలభై ఏళ్లు అలంకారాలు చెప్పాను, ఇంత చక్కని ఉపమానం తరగతిలో వినలేదు.

తెలుగులో 'చాలు' అంటే తృప్తి, 'చాలు' అంటే నాగటి గీత కూడాను. మన రైతు ఆ రెండు చాళ్ల మధ్యనే బ్రతుకుతున్నాడని నాకు అనిపిస్తుంది.

పాత ఆటోకు, దీనికి ఉన్న తేడా ఎర్ర బొత్తాము దారిలోని ఆ రెండు తీగలే. నీరు లేక మోటారు ఉత్తగా తిరిగితే అది లాగే కరెంటు తగ్గుతుంది. పెట్టె దానిని పసిగట్టి ఆపి, ఫోనుకు కబురు చేస్తుంది. ఒక ఫేజు పోయినా ఆపుతుంది; లేకుంటే వైండింగు మాడిపోయేది. గంటన్నర అని గడువు పెడితే గంటన్నరకే ఆగుతుంది. సిగ్నలు లేనిచోట, రీచార్జి అయిపోయిననాడు మాత్రం మళ్లీ నడక తప్పదు.

అయితే గదిలో పెట్టె గది వేడిమిని చూసినట్టు, ఇది మడిలో తడిని చూడదు. మిరపచేనుకు ఎంత చాలునో మా వాడు ఇప్పటికీ మట్టిని పిడికిట పట్టి పిసికి చూసే నిర్ణయిస్తున్నాడు. మొన్న గంటన్నర గడువును గంటకు తగ్గించాడు. పక్క బోరువాడు తన ఆటోను ఇంకా తీయలేదు.