ఆ మాట పాప ఎన్నిసార్లు చెప్పింది?

ఇందులో పాప పేరు ఉండదు. ఊరు, బడి, ఏ కోర్టు అన్నది కూడా ఉండవు. పోక్సో చట్టం సెక్షన్ 23 ప్రకారం అలాంటివి రాయకూడదు. పేరు రాయకపోయినా, జనం పోల్చుకునేలా రాస్తే అదీ తప్పేనని 2018లో నిపుణ్ సక్సేనా కేసులో సుప్రీంకోర్టు చెప్పింది. అందుకే పాప తల్లిని ఇక్కడ వదిన అంటాను. నిజంగా నాకేమవుతుందో అడక్కండి. మా ఊరు మాత్రం దిండి. జరిగింది ఇక్కడ కాదు.

అది ఆదివారం. రిసార్టుల వైపు వెళ్లే కార్ల హారన్లు వినిపిస్తున్నాయి. నేను లాప్‌టాప్ ముందు ఉన్నాను. వదిన ఫోన్ చేసి, "నువ్వు చదువుకున్నోడివి, ఒకసారి రా" అంది. అంతే అంది. గొంతు విని బండి తీశాను.

అక్కడికెళ్లి నేను చేసిన మొదటి పనే తప్పు. మా ఉద్యోగంలో బగ్ వచ్చిందంటే ముందు దాన్ని మళ్లీ రప్పించి చూస్తాం. ఆ అలవాటుతోనే ఫోన్‌లో వీడియో ఆన్ చేసి పాపని అడిగాను. సరిగా వినపడలేదని మళ్లీ అడిగాను. అప్పటికీ తేదీ తేలలేదని మూడోసారి అడిగాను. అప్పుడు పాప నా మొహంలోకి చూసి, "తప్పు చెప్పానా బాబాయ్?" అంది.

తర్వాత జిల్లా న్యాయసేవాధికార సంస్థ ద్వారా వచ్చిన లాయరుగారు ఆ వీడియోల సంగతి విని తల పట్టుకున్నారు. "చిన్నపిల్ల మూడుసార్లు మూడు రకాలుగా చెబుతుంది. అవతలి లాయరు ఆ మూడూ పక్కపక్కన పెట్టి, మీరే నేర్పారంటాడు. డిలీట్ మాత్రం చేయకండి, ఉన్నది ఉన్నట్టు పోలీసులకి ఇవ్వండి" అన్నారు. మీకెప్పుడూ ఆ అవసరం రాకూడదు. వస్తే మాత్రం పిల్లలు చెప్పింది వినండి, వాళ్ల మాటల్లోనే రాసుకోండి, ఎదురు ప్రశ్నలు వేయకండి. 1098కి గానీ పోలీసులకి గానీ చెప్పండి. తెలిసీ చెప్పకపోవడం కూడా ఈ చట్టంలో నేరమే.

స్టేషన్‌కి వెళ్తే, "పాపని తీసుకురండి, స్టేట్‌మెంట్ రాయాలి" అన్నారు. వదిన తీసుకురావడానికి లేచింది కూడా. నేను ఫోన్‌లో సెక్షన్ 24 తీసి చూపించాను. పాప ఇంటి దగ్గరో, తనకి నచ్చిన చోటో రాసుకోవాలి. వీలైనంతవరకు ఎస్సై స్థాయికి తగ్గని మహిళా అధికారి రావాలి, యూనిఫాంలో ఉండకూడదు. ఆయన చదివి, కాసేపు ఆగి, "ఆయ్, మేడమ్ గారు వస్తారండి" అన్నారు. మర్నాడు ఆవిడ మామూలు చీరలో వచ్చి, అరుగు మీద కూర్చుని పాపతో గవ్వలాడి, ఆ తర్వాతే అడిగారు. అప్పటికి పాప ఆ మాట వదినకి ఒకసారి, నాకు మూడుసార్లు చెప్పి ఉంది. ఇది ఐదోసారి.

ఆస్పత్రిలో ఆరోసారి. లేడీ డాక్టర్ పరీక్ష చేసినంతసేపూ వదిన పక్కనే ఉంది. మేజిస్ట్రేట్ దగ్గర ఏడోసారి.

హైదరాబాద్‌లో 2016లో పెట్టిన భరోసా సెంటర్ గురించి అప్పుడే చదివాను. పోలీసు స్టేట్‌మెంట్, వైద్య పరీక్ష, కౌన్సెలింగ్ ఒకే కప్పు కింద. 2018లో పిల్లల కోసం కోర్టు గది కూడా పెట్టారు. 2022 అక్టోబర్‌లో బంజారాహిల్స్‌లో ఓ స్కూల్ ప్రిన్సిపల్ కారు డ్రైవర్ మీద పెట్టిన కేసులో 2023 ఏప్రిల్‌కల్లా 20 ఏళ్ల శిక్ష పడింది. అంటే ఆరు నెలలు. మేం ఎక్కిన గుమ్మాలన్నీ వేరువేరు. ప్రతి గుమ్మం దగ్గరా మొదట్నుంచీ చెప్పాల్సిందే.

వదినకి కాగితాలంటే భయం. ఎఫ్ఐఆర్ కాపీ ఉచితంగా ఇస్తారని కూడా తెలీదు. 2020 రూల్స్‌లో ఫారం-ఎ అని ఒకటుంది, ఫిర్యాదు ఇచ్చినవాళ్లకి వాళ్ల హక్కులు చెప్పే కాగితం. మాకు ఇవ్వలేదు, అడిగితే ఇచ్చారు. బాలల సంక్షేమ కమిటీ సపోర్ట్ పర్సన్‌ని ఇస్తుందని అందులోనే ఉంది. అదీ అడిగితేనే వచ్చింది. దర్యాప్తు ఎంతవరకు వచ్చిందో 90 రోజుల్లోపు పోలీసులే చెప్పాలని కొత్త చట్టంలో ఉంది. అదీ మేమే అడిగాం. నేను షీట్ తయారుచేశాను: తేదీ, ఎవర్ని కలిశాం, ఏమన్నారు, మళ్లీ ఎప్పుడు. నెల తిరిగేసరికి వదినే నాకు ఫోన్ చేసి, "బుధవారం అడగాలని రాశావు కదా, అడిగేశాను" అనడం మొదలెట్టింది.

ఈలోగా పెద్దమనుషులు వచ్చారు. "కుర్రాడి జీవితం పాడైపోద్దమ్మా, రేపు నీ పిల్లకీ పెళ్లి కావాలి కదా" అన్నారు. ఎంతో కొంత ఇప్పిస్తామన్నారు. ఇది రాజీ పడే కేసు కాదని నేను చట్టం మొదలెట్టాను. వదిన నన్ను ఆపింది. "మీ ఇంట్లో పిల్లయితే ఎంతకి మాట్లాడతారండి?" అని అడిగింది. కాఫీ కూడా తాగకుండా వెళ్లిపోయారు. వాళ్లలో ఇద్దరు ఇప్పటికీ మాతో మాట్లాడరు. వదిన ఆ వీధిలోంచి వెళ్లడం మానేసింది. చట్టం పుస్తకంలో దీనికి సెక్షన్ లేదు.

కోర్టు కేసు తీసుకున్న 30 రోజుల్లో పిల్లల సాక్ష్యం నమోదు చేయాలి, ఏడాదిలో విచారణ ముగించాలి, వీలైనంతవరకు. ఆ 'వీలైనంతవరకు' అన్న మాటలోనే వాయిదాలన్నీ ఉన్నాయి. మాకు పదకొండో నెలలో పిలుపు వచ్చింది. విచారణ తలుపులు మూసి చేస్తారు కాబట్టి నేను బయట చెట్టు కింద ఉన్నాను. లోపల ముద్దాయి పాపకి కనపడకుండా అడ్డం పెట్టారట. అవతలి లాయరు లేచి నేరుగా అడగబోతే, జడ్జిగారు "ప్రశ్న నాకు చెప్పండి, నేను అడుగుతాను" అన్నారట. చట్టంలో ఉన్నది అదే. మధ్యలో రెండుసార్లు విరామం ఇచ్చారు. ఒకసారి పాప బయటికొచ్చి నీళ్లు తాగి, నా చేతిలో చాక్లెట్ తీసుకుని, ఏమీ అనకుండా మళ్లీ లోపలికెళ్లింది.

అది ఎనిమిదోసారి. అందులో మూడు నావి.

తీర్పు ఇంకా రాలేదు. మధ్యంతర పరిహారానికి అర్జీ పెట్టాం. నా ఫోన్ పోలీసుల దగ్గరే ఉంది. మళ్లీ వాయిదా వచ్చే నెల, డాక్టర్ సాక్ష్యం. పాపని తీసుకురానక్కర్లేదని లాయరుగారు చెప్పారు. అది నిజమేనా అని వదిన ఆయన్ని రెండుసార్లు అడిగింది.