అరగని టైర్లు

2025 ఆగస్టు 30, శనివారం

గాలి కొట్టించడానికి ఆగాను. కుర్రాడు గొట్టం తగిలిస్తూనే, "టైర్లు మార్చెయ్యండి సార్" అన్నాడు. ఒళ్లు మండింది. తొమ్మిదేళ్లలో నా ఆల్టో తిరిగిందంతా కలిపి 31 వేల కిలోమీటర్లు. బెజవాడలో కూరగాయలకీ, బ్యాంకుకీ, ఏడాదికి రెండుసార్లు తెనాలికీ. గాడిలో రూపాయి బిళ్ల నిలబెట్టి చూపించాను: ఎంత లోతుందో చూడు అని. వాడు బిళ్ల వంక చూడలేదు. టైరు పక్కన గోటితో గీసి, "ఇది చూడండి" అన్నాడు.

ఎండాకాలం చెరువు అడుగులా సన్నటి బీటలు.

ఆగస్టు 31

రాత్రి టార్చి పట్టుకుని కారు పక్కన చతికిలపడ్డాను. "ఏవండీ, ఏం పోయింది?" అని వరండాలోంచి ఆవిడ. ఏం పోలేదు, చదువుకుంటున్నానన్నాను.

145/80 ఆర్12 74టి. తొమ్మిదేళ్లుగా నా బండి మీదున్న రాత ఇన్నాళ్లూ చదవలేదు. 145 అంటే వెడల్పు, మిల్లీమీటర్లలో. 80 అంటే ఆ వెడల్పులో 80 శాతం టైరు ఎత్తు, అంటే 116 మిల్లీమీటర్లు. 12 మాత్రం రిమ్ము కొలత, అంగుళాల్లో. ఒక్క సైజు చెప్పడానికి మిల్లీమీటరూ శాతమూ అంగుళమూ! మా తాతగారు పొలం కొలతలు చెప్పినట్టే ఉంది. 74 అంటే ఒక్కో టైరు 375 కిలోలు మోస్తుంది. టి అంటే గంటకి 190 కిలోమీటర్ల దాకా తట్టుకుంటుంది. నేను 70 దాటితే ఆవిడ హ్యాండ్‌బ్రేక్ మీద చెయ్యి వేస్తుంది.

అసలు రాత ఇంకో చోట ఉంది. కోడిగుడ్డు ఆకారపు గడిలో నాలుగంకెలు: 1116. 2016లో పదకొండో వారం. బండి మా ఇంటికి రాకముందే పుట్టిన టైర్లు.

సెప్టెంబరు 2

ఇంజనీరింగు కాలేజీలో పాఠాలు చెప్పే పాత మిత్రుడికి ఫోన్ చేశాను. ఎండ, గాలిలోని ఓజోను రబ్బరుని పగలగొడతాయట. అందుకని టైరులో ఒక రకం మైనం కలుపుతారు. బండి నడిచి టైరు నలుగుతుంటే ఆ మైనం పైకి ఊరి పల్చటి పొరలా కాపాడుతుంది. నిలబెట్టేస్తే ఊరడం తగ్గిపోతుంది. అంటే నేను పొదుపుగా వాడి టైర్లు కాపాడానన్నది నా భ్రమ. "వారానికోసారైనా తిప్పాల్సిందిరా" అన్నాడు. మొన్న మోకాళ్ల డాక్టరు అన్నదీ ఇదే.

సెప్టెంబరు 4

పొద్దున్నే పేపర్లో: టైర్ల మీద జీఎస్టీ 28 నుంచి 18 శాతానికి. 22వ తేదీ నుంచి. నాకు చెప్పిన ధర ఒక్కోటి 3,200. పన్ను తీస్తే 2,500, కొత్త పన్ను వేస్తే 2,950. టైరుకి 250 మిగులు. బీటలు పడ్డ టైర్ల మీద ఇంకో పద్దెనిమిది రోజులు తిరగడానికి 250 రూపాయలు ధైర్యమిచ్చాయి.

సెప్టెంబరు 7, ఆదివారం

మేనల్లుడు వచ్చాడు. "మావయ్యా, పనిలో పనిగా 13 అంగుళాల అల్లాయ్ రిమ్ములు వేయించు. 155/65 ఆర్13. బండి లుక్కే మారిపోద్ది" అన్నాడు. వాణ్ని తీసిపారేద్దామని కాగితం మీద లెక్క వేశాను. ఇప్పుడున్న చక్రం మొత్తం 536.8 మిల్లీమీటర్లు, వాడు చెప్పింది 531.7. అయిదు మిల్లీమీటర్లే తేడా. స్పీడు ముల్లు కూడా అబద్ధమాడదు. వాడి లెక్క సరైనదే, చెప్పుకోడానికి కష్టంగా ఉన్నా.

కానీ టైరు ఎత్తు 116 నుంచి 101కి దిగుతుంది. మా వీధి గుంతల్లో దెబ్బ కాసేది ఆ రబ్బరే. అది తగ్గితే మిగతా దెబ్బ రిమ్ముకీ, నా నడుముకీ. ఈ మాట చెప్తే, "నువ్వెలాగూ ఇరవైలో పోతావుగా మావయ్యా" అన్నాడు.

సెప్టెంబరు 13

ఆటోనగర్. ఈ సైజులో ఎంచుకోవడానికి పెద్దగా ఏమీ లేదు. ఆల్టో 800 తయారీ 2023లోనే ఆపేశారు, కొత్త ఆల్టోకి 13 అంగుళాల రిమ్ము. కంపెనీల పేర్లు చాలానే ఉన్నాయి. సదాశివపేటలో ఎమ్మారెఫ్ వాళ్లకీ, చినపండూరులో అపోలో వాళ్లకీ ఫ్యాక్టరీలున్నాయి కాబట్టి మన నేల సరుకే కొందామని ఓ సరదా పుట్టింది. కానీ ఈ 12 అంగుళాలది అక్కడే తయారైందని ఎవరు చెప్తారు?

మొదటి షాపాయన కాగితం చుట్టిన టైరు దింపాడు. తిప్పి చూస్తే 0823. రెండున్నరేళ్ల కిందటిది.

"వాడలేదు కద సార్, కొత్తదే!"

"బియ్యమైతే పాతవే కావాలనేవాణ్నయ్యా" అని వచ్చేశాను. నీడన చల్లగా పడుకున్న టైరు రెండేళ్లకే చెడిపోదని నాకూ తెలుసు. కానీ కొత్త ధర పెట్టి, నా ఇంట్లో ముసలిది కావలసిన కాలం వాళ్ల గోడౌనులో ఎందుకు ఖర్చు కావాలి?

రెండో షాపులో పెద్దాయన తొందరపెట్టలేదు. ముందుకి రెండే మారుద్దామన్నాను. ఆయన ఒప్పుకోలేదు. రెండే కొంటే కొత్తవి వెనక వెయ్యాలట. తడి రోడ్డు మీద ముందు చక్రాలు జారితే కాలు తీస్తే దారికొస్తుంది, వెనకవి జారితే బండి బొంగరమే. "అందరూ ముందుకే వేయించుకుంటారు, చెప్తే వినరు" అన్నాడు. తర్వాత డిక్కీ తీసి స్టెప్నీ చూశాడు. ఒక్కసారీ నేల తొక్కలేదు, అంచుల్లో మెరుపు కూడా పోలేదు. 1116.

"ఇదీ వాటి తోబుట్టువే కద సార్."

అయిదు.

సెప్టెంబరు 24

2925. జులై సరుకు. కొత్త రబ్బరు వాసన షాపంతా. టైరు మీద పసుపు చుక్క ఒకటుంది. దుకాణం గుర్తనుకున్నాను. కాదు, టైరులో అన్నిటికంటే తేలికైన చోటు అది. వాల్వు బరువు దానికి ఎదురుగా కాకుండా పక్కనే పడేలా బిగిస్తే బ్యాలెన్సింగుకి తక్కువ సీసం సరిపోతుంది. అలైన్‌మెంటు కూడా చేయించాను. నైట్రోజన్ వద్దన్నాను. మామూలు గాలిలో 78 శాతం అదే.

పాతవాటికి ఒక్కోదానికి 200 ఇస్తానన్నాడు. ఏం చేస్తారని అడిగాను. మొహమాటపడ్డాడు. పాలిష్ కొడితే బీటలు కనపడవు, గ్రిప్పు ఎలాగూ నిండా ఉంది, పాత కార్లవాళ్లు తీసుకుపోతారు.

వెయ్యి రూపాయలు. అయిదింటినీ ఇంటికి తెచ్చేశాను. నాలుగు వెనక సీట్లోనే పట్టాయి.

"దోమల కోసం తెచ్చారా?" అంది ఆవిడ.

అక్టోబరు 1

మహర్నవమి. బండి కడిగి, కొత్త టైర్లకి పసుపు కుంకుమ. మనవరాలు టైరు మీది సన్నటి రబ్బరు వెంట్రుకలు ఒక్కొక్కటే పీకుతూ కూర్చుంది. అచ్చులోంచి గాలి పోయే రంధ్రాల్లోకి రబ్బరు దూరితే ఏర్పడేవి అవి. నాలుగు నిమ్మకాయలు తొక్కించి వీధి చివరిదాకా వెళ్లొచ్చాం. చప్పుడు తక్కువ. లేక నేనే అలా వింటున్నానేమో, పద్నాలుగు వేల ఏడొందల యాభై పెట్టిన చెవులు కదా.

అక్టోబరు 11

పాతవాటిని మళ్లీ రోడ్డెక్కకుండా చేద్దామని కూర్చున్నాను. అంచులో ఉక్కు తీగ చుట్ట ఉంటుంది, హాక్సా బ్లేడు విరిగింది. పక్కల్లో ఉక్కు లేదు. కత్తిపీట మొనతో నాలుగింటికీ అటూ ఇటూ రెండేసి గంట్లు పెట్టాను. స్టెప్నీ దగ్గరికొచ్చేసరికి చెయ్యి ఆడలేదు. పైన డాబా మీద వాటి పక్కనే పెట్టాను.

అక్టోబరు 29

రాత్రంతా మొంథా తుపాను వాన. బండి బయటికి తియ్యలేదు. పొద్దున తెరిపిచ్చాక డాబా ఎక్కాను. గంట్లు పడ్డ నాలుగూ ఖాళీ. స్టెప్నీలో నిండా నీళ్లు.