కాలువ కట్టిన నెలలు

నేను ఫస్టు ఫారము చదువుచుండగా మా ఇంగ్లీషు వాచకములో ఇంగ్లండు పల్లెటూరిని గూర్చిన పాఠమొకటి ఉండెడిది. అందులో పచ్చిక బయలును, బాతులు ఈదు కొలనును, మంచు కప్పిన చర్చి శిఖరమును, ఊరి నడుమ గలగల పారు 'బ్రూక్' అను నొక వస్తువును ఉండెను. మంచు సంగతి మా మాష్టారికి సయితము తెలియదు గనుక దానిని వడివడిగా దాటించి, బ్రూక్ అనగా నేమో చెప్పుమని నన్ను లేపిరి. నేను కిటికీ వెలుపలికి చూచి, "పంట బోదెండీ" అంటిని. తరగతి యంతయు నవ్వెను. మాష్టారు మాత్రము నవ్వక, కొంతసేపాలోచించి, "బోదె కాదురా, వాగు. అయినా మన ఊళ్ళో వాగెక్కడుంది? బోదె అనే రాసుకోండి" అనిరి.

ఆ బోదెలోని నీరు మా ఊరికి వచ్చుట వెనుక ఇంగ్లీషువాడొకడు ఉన్నాడన్న సంగతి నేను తరువాత నెప్పుడో తెలిసికొంటిని. బెజవాడ వద్ద ఇంద్రకీలాద్రికిని సీతానగరము కొండకును నడుమ కృష్ణకు అడ్డముగా ఆనకట్ట వేయవలెనని పట్టుబట్టినవాడు ఆర్థర్ కాటన్. దగ్గరనుండి కట్టించినవాడు కాప్టెన్ ఆర్ అను దొర. పని 1855లో ముగిసెను. కాటన్ దొర 1899లో సర్రే సీమలోని డార్కింగు అను చిన్న యూరిలో కన్నుమూసెను. ఆ పేరు చదివిననాడు నాకు మా వాచకములోని బొమ్మయే మరల కన్నులకు కట్టినది. కాని ఆ బొమ్మను బాల్యములో నేను నా ఇచ్చ వచ్చినట్లు దిద్దుకొని యుంటిని: చర్చి ప్రక్కను తాటితోపు, కొలనులో బాతులతో పాటు మెడవరకు మునిగిన గేదెలు, బ్రూకు గట్టున గొడుగు పట్టుకొని తిరుగు కాలువ లస్కరు. ఏటికి రెండు మూడు నెలలు నీరు లేకుండ ఉండు కాలువ యొకటి యుండునని ఆ సీమ పిల్లలు ఎరుగరని మాత్రము నాకు తోచనే లేదు.

మాకు సంవత్సరము పంచాంగము ననుసరించి గాక, కాలువ ననుసరించి నడిచెడిది. పెండ్లి ముహూర్తము పెట్టుకొనువారు సయితము సిద్ధాంతిగారి నడిగిన పిమ్మట, "కాలువ ఎప్పుడు కడతారట?" అని లస్కరు నడిగెడివారు, విడిది యింటికి నీరు మోయవలసిన వారికి ఆ ప్రశ్న లగ్నముకంటె ముఖ్యమైనది. ఉగాది దాటిన కొన్నాళ్ళకు బెజవాడలో తలుపులు దింపెడివారు. అంతకు ముందే మంచినీళ్ళ చెరువును అంచులదాక నింపి, తూము మూసి, పశువులు దిగకుండ కంప కొట్టి, ఊరంతయు ఆ చెరువును దాచుకొన్న ధాన్యమువలె కాచుకొనెడిది.

కాలువ కట్టిన నాలుగైదు రోజులు మా వంటి పిల్లలకు బడి యుండియు లేనట్లే. నీరు మోకాటికి, ఆపైన చీలమండకు దిగి, తుదకు వంతెనల క్రింద మడుగులుగా మిగిలినప్పుడు ఆ బురదలో కొరమేనులు, మట్టగిడసలు, ఇంగిలాయిలు చిక్కెడివి. ఇంగిలాయి ముల్లు గ్రుచ్చుకొన్నవాడు సాయంకాలము వరకు ఏడ్చి, మరునాడు మరల వచ్చెడివాడు. చేపను తాకరాని ఇంటిలో పుట్టిన నేను గట్టుపై నిలిచి, ఎవరికి ఎన్ని దొరికినవో లెక్క పెట్టెడివాడను. ఆ లెక్కలో నేనెన్నడును తప్పలేదు. బడి లెక్కల సంగతి వేరు.

మృగశిర కార్తె దాటిన తరువాత "బెజవాడలో వదిలారట" అను వార్త నీటికంటె ముందు వచ్చెడిది. మేము వంతెన గోడపై వరుసగా కూర్చుండి పడమటి వైపు చూచుచుండగా, మొదట చల్లని మన్నువాసన, తరువాత సరసరమను చప్పుడు, ఆ వెనుక ఎండుటాకులు, గడ్డిపరకలు, ఎవరిదో తెగిన చెప్పు, వీనినన్నిటిని ముందునకు నెట్టుకొనుచు వ్రేలెడు మందపు ఎర్రని నీరు, నెఱ్ఱె నెఱ్ఱెకు ఆగి దానిని నింపి, మరల సాగుచు వచ్చెడిది. మా నాయనమ్మ పసుపు కుంకుమలు తెచ్చి ఆ నీటిలో వేసి, చేయెత్తి మ్రొక్కి, వెంటనే మా వైపు తిరిగి, "ఒరేయ్, కొత్తనీళ్ళు! నోట్లో పోసుకున్నారో, చంపేస్తాను" అనెడిది.

త్రాగుటకు ఆమెకొక పద్ధతి కలదు. బిందెతో తెచ్చిన ఆ ఎర్రనీటిని మట్టికుండలో పోసి, ఇండుపగింజ నొకదానిని రాతిపై నీటిచుక్కతో అరగదీసి, ఆ గంధమును నీట కలిపి, కుండను ఎవరును కదపకుండ మూల నుంచెడిది. తెల్లవారునప్పటికి మన్ను అడుగున పేరుకొని, పైన నీరు అద్దమువలె తేరియుండెడిది.

ఆ కుండ నీటికొరకు పడవవారును వచ్చెడివారు. నాడు కాకినాడలో పడవ యెక్కినవాడు ఏలూరు, బెజవాడల మీదుగా చెన్నపట్టణము వరకు కాలువలపైననే పోగలిగెడివాడు. మా కాలువపై తిరుగునవి బందరు పడవలు. గాలి యనుకూలించినచో తెరచాప, లేనిచో గట్టు వెంబడి మోకు భుజాన వేసికొని వంగి నడచు ఇద్దరు మనుష్యులు. వారిలో నొక సరంగు మా రేవున ఆగి, "మామ్మగారూ, కాస్త తేరిన నీళ్ళు" అని అడుగుట నాకు వింతగా నుండెడిది. పగలు రేయి నీటిపైననే యుండువానికి నీరు కొరవా? నాయనమ్మ చెంబెడు నీటితో పాటు రెండు ఇండుపగింజలు కూడ నిచ్చెడిది. అందులకు బదులుగా అతడు కాలువ కట్టుటకు ముందు వచ్చు తుది విడతలో, మా యావకాయకు చాలునంత బందరు ఉప్పు దింపి పోయెడివాడు. బేరము లేదు, లెక్క లేదు.

నేను ఆ బ్రూకు పాఠము చదివిన 1952లోనే బెజవాడ ఆనకట్టకు గండి పడినది. అరుగులపై పెద్దలు చాలకాలము వేరు మాట యాడలేదు. 1957లో 70 తలుపులతో ప్రకాశం బారేజీ నిలిచినది. దానిపై లారీలు నడిచినవి. పడవలు తగ్గుచు వచ్చినవి. ఒక యేడు కాలువ కట్టు దినము వచ్చినను సరంగు రాలేదు. మామిడికాయలు ముక్కలు కొట్టి తడిగుడ్డపై ఆరవేసి యున్నవి. అంగడి ఉప్పు తెప్పించినాము. నాయనమ్మ చిటికెడు నాలుకపై వేసికొని, చాల సేపు చప్పరించి, "ఉప్పగానే ఉందిలే" అని, రెండు ఇండుపగింజలు కొంగున ముడివేసికొని లోపలికి పోయినది.